ఎలిహు యేల్ వారసులెవరు? ఒక న్యూ హేవెన్ ప్యూరిటన్ కుటుంబంపై కేస్ స్టడీ

క్లయింటు పుట్టింటి పేరు యేల్. అమెరికాలోనే పుట్టి పెరిగి, టీచరుగా రిటైరయ్యారు. వాళ్ళింట్లో తాతల నాటి వంశవృక్షం ఒకటుంది. దాని పైన నట్టనడుమ ఎలిహు యేల్ పేరు. మద్రాసు గవర్నరుగా చేసిన మనిషి, యేల్ యూనివర్సిటీకి పేరిచ్చినవాడు. అక్కడి నుంచి గీతలు దిగుతూ దిగుతూ ఆమె దాకా వస్తాయి. "ఇది నిజమైతే నిరూపించి రాసివ్వండి, కాకపోతే కాదని చెప్పండి" అని అడిగారు. మద్రాసు రికార్డులు చదవడం తెలిసిన వంశచరిత్ర పరిశోధకుల కోసం వెతికితే నా పేరు దొరికిందట.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆమె ఎలిహు వంశం కాదు. ఎలిహు బాబాయి థామస్ యేల్ వంశం. ఎలిహు మగ సంతానం ఆయన బతికుండగానే అంతరించింది కాబట్టి, ఇవాళ యేల్ ఇంటిపేరు పెట్టుకున్న ఎవరికీ ఆయన నుంచి ఆ పేరు వారసత్వంగా వచ్చే వీల్లేదు. ఇంతవరకూ అయితే ఒక పేజీ రిపోర్టు చాలు. కానీ ఈ కేసులో తేలిన అసలు సంగతి వేరే. ఈ కుటుంబాన్ని ఇంటిపేరు పట్టుకుని వెతికినవాళ్ళంతా ఎలిహు దగ్గర ఆగిపోయారు. చనిపోయిన భర్త పిల్లలను వెంటబెట్టుకుని మారుమనువు చేసుకున్న ఒకావిడను పట్టుకుంటే మాత్రం ముడులన్నీ విడిపోయాయి. ఆవిడ పేరు ఆన్. పుట్టింటి పేరు లాయిడ్, మొదటి భర్త పేరు యేల్, రెండో భర్త పేరు ఈటన్. అందుకే ఒక ఇంటిపేరు కింద వెతికితే ఆవిడ జీవితంలో మూడో వంతే దొరుకుతుంది.

మేఫ్లవర్ కాదు, హెక్టర్

న్యూ ఇంగ్లాండ్ మూలాలున్న క్లయింట్లు ముందు అడిగేది మేఫ్లవర్ గురించే. ఈమె కూడా అడిగారు. 1620లో మేఫ్లవర్ ఎక్కి ప్లిమత్ చేరినవాళ్ళలో ముఖ్యులు ఇంగ్లాండు చర్చితో పూర్తిగా తెగతెంపులు చేసుకున్నవాళ్ళు. ప్యూరిటన్లలో ఎక్కువమంది ఆ చర్చిని లోపలి నుంచే కడగాలనుకున్నవాళ్ళు. వీళ్ళు 1630 నుంచి గుంపులు గుంపులుగా మసాచుసెట్స్ వచ్చారు. 1640 కల్లా దాదాపు 20,000 మంది సముద్రం దాటారు. అప్పుడు ఇంగ్లాండులో అంతర్యుద్ధం ముంచుకొచ్చి వలస దాదాపు ఆగిపోయింది.

మన కుటుంబం 1637 జూన్ 26న హెక్టర్ అనే ఓడలో బోస్టన్ చేరింది. ఈ గుంపుకు పెద్ద థియోఫిలస్ ఈటన్, లండన్‌లో పేరున్న వర్తకుడు. గురువు జాన్ డావెన్‌పోర్ట్, ఈటన్‌కు చిన్ననాటి స్నేహితుడు. వీళ్ళు బోస్టన్‌లో చలికాలం గడిపి 1638 వసంతంలో దక్షిణానికి కదిలి, క్విన్నిపియాక్ తెగవారి రేవులో దిగారు. అదే న్యూ హేవెన్, ఇప్పటి కనెక్టికట్ రాష్ట్రంలో ఉంది. ఆ ఏడాది నవంబరులో తెగ నాయకుడు మొమాగ్విన్‌తో చేసుకున్న ఒప్పందంలో భూమికి బదులుగా ఇచ్చిన వస్తువుల పట్టీ ఉంది: 12 కోట్లు, 12 గరిటెలు, 12 గొడ్డళ్ళు, 12 పారలు, 24 కత్తులు, 12 గిన్నెలు, మరో నాలుగు పెట్టెల ఫ్రెంచి కత్తులూ కత్తెరలూ. ఒక పట్టణానికి పెట్టిన వెల అది. వలసదారుల కుటుంబ చరిత్ర రాసేవాళ్ళు ఈ పట్టీని దాటేసి చర్చి పుస్తకాలకు వెళ్ళిపోతారు. నేను మాత్రం రిపోర్టు మొదట్లోనే పెడతాను. ఆ కుటుంబం ఏ నేల మీద నిలబడిందో తెలియాలి కదా.

ఈటన్ 1658 జనవరిలో చనిపోయేదాకా ప్రతి ఏడూ ఆయననే ఆ ఊరు అధిపతిగా, తర్వాత కాలనీ గవర్నరుగా ఎన్నుకుంది. ఓటు హక్కు చర్చి సభ్యులకే ఉండేది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

హెక్టర్‌లో ఈటన్‌తో వచ్చిన ఇంటివాళ్ళలో ఆయన రెండో భార్య ఆన్, ఆయన ముసలి తల్లి, మొదటి భార్య కూతురు మేరీ, ఆన్ మొదటి పెళ్ళి పిల్లలు ఉన్నారు. అంటే ఒకే కప్పు కింద అత్త, కోడలు, సవతి కూతురు, మారుతండ్రి, యేల్ పిల్లలు. ఓడ దిగినవాళ్ళలో యేల్ పిల్లలకు తండ్రి లేడు. ఆయన పేరూ థామసే. 1619లో ఇంగ్లాండులోని చెస్టర్‌లో చనిపోయాడు. ఆన్‌కు ఆయన వల్ల ముగ్గురు పిల్లలు: డేవిడ్, థామస్, ఆన్. చిన్న ఆన్‌ను ఎడ్వర్డ్ హాప్కిన్స్ అనే వర్తకుడికిచ్చి పెళ్ళి చేశారు. ఈ హాప్కిన్స్ తర్వాత, అప్పట్లో వేరే కాలనీ అయిన కనెక్టికట్‌కు గవర్నరయ్యాడు. ఒక తల్లి భర్త న్యూ హేవెన్ గవర్నరు, కూతురి భర్త కనెక్టికట్ గవర్నరు. ఇద్దరి పేర్లలోనూ యేల్ లేదు. అందుకే వంశవృక్షాల్లో వీళ్ళు మొక్కుబడిగా ఒక మూలన ఉంటారు.

ఇంటిపేరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యేల్ వాళ్ళు మూలంలో వేల్స్ దేశస్థులు. డెన్‌బీషైర్‌లో యాల్ అనే ప్రాంతం ఉంది, అక్కడి ప్లాస్ ఇన్ యాల్ వాళ్ళ పాత ఇల్లు. వేల్స్‌లో చాలా కాలం స్థిరమైన ఇంటిపేర్లు లేవు. ఫలానావాడి కొడుకు ఫలానా అని తరతరానికీ మారిపోయే పేర్లే. ఈ కుటుంబం 16వ శతాబ్దంలో ఊరిపేరును ఇంటిపేరుగా స్థిరపరచుకుంది. కాబట్టి దానికి ముందటి తరాల్లో "యేల్" కోసం వెతకడం దండగ. ఆ తరాలను ఈ రిపోర్టు పరిధిలోకి తేలేదు.

గవర్నరు భార్య మీద విచారణ

వంశచరిత్రలో ఒక చేదు నిజముంది. సజావుగా బతికిన ఆడవాళ్ళ గురించి కాగితం దొరకదు. పెళ్ళి, కాన్పులు, చావు, అంతే. ఎవరో ఒకరితో తగాదా పడితేనే గుమాస్తా కలం కదుపుతాడు. ఆన్ ఈటన్ తగాదా పడింది కాబట్టే ఆవిడ ఇంటి లోపలి సంగతులు మనకు తెలుసు.

ఒకనాడు ఆన్ న్యూ హేవెన్ చర్చిలో పసిపిల్లకు బాప్తిస్మం ఇస్తుండగా లేచి బయటికి వెళ్ళిపోయింది. పసిబిడ్డలకిచ్చే బాప్తిస్మం చెల్లదని, చిన్నప్పుడు తనకిచ్చింది కూడా చెల్లదని ఆవిడ నమ్మకం. దీనికి కారణం ఒక పుస్తకం. అది ఇచ్చింది లేడీ డెబోరా మూడీ. ఆమె కూడా ఇదే నమ్మకంతో మసాచుసెట్స్‌లో ఇబ్బందులు పడి, న్యూ హేవెన్ మీదుగా డచ్చివాళ్ళ ప్రాంతానికి వెళ్ళి గ్రేవ్‌సెండ్ అనే ఊరు కట్టించింది. డావెన్‌పోర్ట్ ఆన్‌కు నచ్చజెప్పడానికి ప్రసంగాలు చేశాడు, ఆ పుస్తకానికి జవాబు రాసిచ్చాడు. ఆవిడ మెత్తబడలేదు.

సిద్ధాంతం మీద గవర్నరు భార్యను నిలదీయడం చర్చికి కష్టం. కాబట్టి విచారణ ఇంటి గొడవల వైపు తిరిగింది. ఆ ఆరోపణలు చదువుతుంటే ఏదో వీధి పంచాయతీ వింటున్నట్టే ఉంటుంది. భోజనాల బల్ల దగ్గర అత్తగారి ముఖం మీద చేత్తో కొట్టిందట. సవతి కూతురు మేరీని ఒళ్ళు కమిలిపోయేలా గిచ్చిందట, తల గోడబల్లకేసి కొడితే ముక్కు నుంచి రక్తం కారిందట. పనివాళ్ళ మీద నిందలు వేసిందట. ఇవన్నీ ఊరందరి ముందు చదివి వినిపించారు. ఒప్పుకుని పశ్చాత్తాపపడమన్నారు. ఆవిడ పడలేదు. 1645లో చర్చి నుంచి వెలివేశారు.

ఇందులో ఎంత నిజమో, ఎంత మతకక్షో తేల్చడం నా పని కాదు. రెండూ కలిసే ఉన్నాయని నా అభిప్రాయం. బాప్తిస్మం గురించి నోరు మెదపకుండా ఉంటే ఆ ముక్కు రక్తం ఆ పుస్తకంలోకి ఎక్కేదే కాదు. అదలా ఉంచి, వంశచరిత్రకారుడికి ఈ కాగితంలో దొరికే బంగారం వేరు. "అత్తగారు", "మేరీ, ఈటన్ గారి మొదటి భార్య కూతురు" అంటూ ఎవరు ఎవరికి ఏమవుతారో సాక్షులు వరసలతో సహా చెబుతారు. క్లయింటు వంశవృక్షంలో మేరీని ఆన్ కన్న కూతురుగా, అంటే యేల్ పిల్లలకు సొంత చెల్లెలిగా రాశారు. ఈ విచారణతో ఆ గీత కొట్టేశాను.

ఆ ఇంటి రెండో దుఃఖం ఎడ్వర్డ్ హాప్కిన్స్ భార్య చిన్న ఆన్‌ది. అదే 1645లో మసాచుసెట్స్ గవర్నరు జాన్ విన్‌త్రాప్ తన దినచర్య పుస్తకంలో ఈమె గురించి రాశాడు. మంచి తెలివిగల స్త్రీ, అయితే ఏళ్ళ తరబడి చదువుకూ రాతకూ అంకితమై ఎన్నో పుస్తకాలు రాసి మతి చలించింది, ఆడవాళ్ళకు తగిన ఇంటిపనులు చూసుకుని ఉంటే బుద్ధి నిలిచి ఉండేది అని ఆయన తీర్పు. ఆమె రాసినవాటిలో ఒక్క కాగితమూ మిగల్లేదు. విన్‌త్రాప్ తీర్పు మాత్రం మిగిలింది. హాప్కిన్స్ 1657లో లండన్‌లో చనిపోతూ భార్య పోషణకు ఏర్పాటు చేశాడు. అందులో ఆమె అన్న డేవిడ్ యేల్‌కు బాధ్యత అప్పగించాడు. ఈ వీలునామానే నాకు బలమైన ఆధారం. డేవిడ్, ఆన్ హాప్కిన్స్ ఒక తల్లి పిల్లలని రుజువు చేసే సమకాలీన దస్తావేజు ఇది. భార్య పోయాక కాలనీలో సత్కార్యాలకు ఖర్చు చేయమని మరో 500 పౌండ్లు రాశాడు. ఆమె 1698 దాకా బతికింది. ఆ సొమ్ముతో మసాచుసెట్స్‌లో కొన్న నేలలో వెలిసిన ఊరు హాప్కిన్టన్. బోస్టన్ మారథాన్ మొదలయ్యేది అక్కడే.

డేవిడ్ ఎందుకు వెళ్ళిపోయాడు

ఆన్ పెద్ద కొడుకు డేవిడ్ న్యూ హేవెన్‌లో ఇమడలేదు. బోస్టన్ వచ్చి పెంబర్టన్ కొండ మీద ఇల్లు కొన్నాడు, వ్యాపారం పెట్టాడు. 1646లో రాబర్ట్ చైల్డ్ అనే వైద్యుడు నడిపించిన అర్జీ మీద సంతకం చేసిన ఏడుగురిలో డేవిడ్ ఒకడు. చర్చి సభ్యులు కానివాళ్ళకు ఓటు లేదు, పదవి లేదు, పన్నులు మాత్రం కట్టాలి, ఇంగ్లాండు చట్టం ఇక్కడెందుకు చెల్లదు అన్నది అర్జీ సారాంశం. ప్రభుత్వం వాళ్ళను రాజద్రోహుల్లా చూసి జరిమానాలు వేసింది.

డేవిడ్‌ను దీనికి పురికొల్పిందేమిటో అతను ఎక్కడా రాసుకోలేదు. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1645లో తల్లిని చర్చి వెలివేసింది. చెల్లెలి పిచ్చికి చదువే కారణమని పెద్దలు తీర్మానించింది కూడా అదే ఏడు. ఆ మరుసటి ఏడాది కొడుకు చర్చి పెత్తనం మీద సంతకం పెట్టాడు. రిపోర్టులో దీన్ని "ఊహ" అన్న శీర్షిక కింద విడిగా పెట్టాను. క్లయింటు చదివాక అన్నింటికన్నా ఇదే నచ్చిందన్నారు. నచ్చడం వేరు, రుజువు వేరు.

డేవిడ్, ఉర్సులా దంపతులకు 1649 ఏప్రిల్ 5న బోస్టన్‌లో ఎలిహు పుట్టాడు. పిల్లవాడికి మూడేళ్ళు వచ్చేసరికి కుటుంబం ఇంగ్లాండు తిరిగి వెళ్ళింది. ఎలిహు మళ్ళీ అమెరికా గడ్డ తొక్కలేదు. క్లయింటు వంశవృక్షం కూలడానికి ఈ ఒక్క సంగతి చాలు. అమెరికాలో సంసారం చేసి పిల్లల్ని కనడానికి ఆ మనిషి అక్కడ లేడు.

మద్రాసు కాగితాలు

క్లయింటు నన్ను వెతికింది ఈ భాగం కోసమే. ఎలిహు 1672లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా మద్రాసులో దిగాడు. 1680 నవంబరు 4న ఫోర్ట్ సెయింట్ జార్జ్‌లోని సెయింట్ మేరీస్ చర్చిలో జోసెఫ్ హిన్మర్స్ భార్య కేథరిన్‌ను పెళ్ళాడాడు. హిన్మర్స్ అదే ఏడాది చనిపోయాడు. చర్చి అప్పటికి ప్రారంభమై వారమే అయింది. దాని వివాహ రిజిస్టరులో మొదటి నమోదు వీళ్ళదే. ఇక్కడా మారుమనువే, ఇక్కడా మొదటి భర్త పిల్లలు. నాయనమ్మ కథే మనవడింట్లో మళ్ళీ జరిగింది. హిన్మర్స్ కొడుకులను యేల్ కొడుకులుగా లెక్కగట్టిన వంశవృక్షాలు నేను చూశాను. మారుమనువు దగ్గర ఆగి పిల్లల్ని విడదీసి రాసుకోకపోతే జరిగేది అదే.

ఎలిహు, కేథరిన్‌లకు ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్ళు. కొడుకు డేవిడ్ 1688 జనవరిలో పసితనంలోనే పోయాడు. వాణ్ణి తల్లి మొదటి భర్త హిన్మర్స్ పక్కనే పూడ్చారు. ఆ సమాధి స్తూపం 2023 నాటికి చెన్నై హైకోర్టు ఆవరణలోనే ఉంది. పార్కింగు కోసం దాన్ని తరలించాలని ఆ ఏడాది కోర్టు ఆదేశించడంతో పేపర్లకెక్కింది. కేథరిన్ కూతుళ్ళతో ఇంగ్లాండు వెళ్ళిపోయాక, ఒక పోర్చుగీసు యూదు వజ్రాల వ్యాపారి భార్య ఇయరోనిమా ద పైవా, అప్పటికే భర్త పోయినావిడ, ఎలిహుతో కలిసి ఉంది. వాళ్ళకు చార్లెస్ పుట్టాడు. తల్లీకొడుకులు దక్షిణాఫ్రికాలోని కేప్ వెళ్ళి స్థిరపడ్డారు, చార్లెస్ కూడా తండ్రి కన్నా ముందే అక్కడ చనిపోయాడు. ఇక మిగిలింది ముగ్గురు కూతుళ్ళు. వాళ్ళలో ఇద్దరికి పెళ్ళిళ్ళయ్యాయి, ఒకరిని నార్త్ ఇంటికి, ఇంకొకరిని కేవెండిష్ ఇంటికి ఇచ్చారు. మూడో అమ్మాయికి పెళ్ళి కాలేదు.

ఎలిహు 1687 జులై నుంచి 1692 దాకా మద్రాసు గవర్నరు. 1687 సెప్టెంబరులోనే గోల్కొండ ఔరంగజేబు వశమైంది. కంపెనీ జీతంతో ఎవరూ అంత ధనవంతులు కాలేరు. సొంత వ్యాపారమే ఆయన సంపద, ముఖ్యంగా వజ్రాలు. అప్పట్లో మద్రాసు చేరే వజ్రాలు గోల్కొండ గనులవి, కృష్ణ ఒడ్డున కొల్లూరు దిక్కువి. తెలుగు పాఠకులకు ఈ కుటుంబంతో ఉన్న నిజమైన లంకె ఇదే. అదే కాలంలో మద్రాసు రేవు నుంచి మనుషులను బానిసలుగా ఎగుమతి చేశారు. అట్లాంటిక్‌లోని సెయింట్ హెలీనా దీవికి వెళ్ళే ఓడలు బానిసలను తీసుకెళ్ళాలన్న ఆజ్ఞలున్న సమావేశాల్లో ఆయన కూర్చున్నాడు. క్లయింటు ఈ పేరా తీసేయమనలేదు. అడిగినా తీసేవాణ్ణి కాదు.

ఈ కాలపు కోట సమావేశాల పుస్తకాలు అచ్చయ్యాయి. అసలు ప్రతులు చెన్నై ఎగ్మూరులోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో చూడొచ్చు. కానీ నా అనుభవంలో వంశచరిత్రకు అవి పరోక్షంగానే పనికొస్తాయి. చావు పుట్టుకలకు చర్చి రిజిస్టరే దిక్కు.

ఒక్క ఉత్తరం

మగ సంతానం లేదనడానికి సమాధులు, రిజిస్టర్లు చాలు. దానికి మించిన సాక్ష్యం ఇంకోటుంది. 1711లో లండన్‌లో మసాచుసెట్స్ తరఫున పనిచేసే జెరెమయా డమ్మర్ న్యూ హేవెన్‌లోని పాస్టరుకు ఉత్తరం రాశాడు. ఇండియాలో కోట గవర్నరుగా చేసిన యేల్ గారు ఇక్కడే ఉన్నారు, అపారంగా ఆస్తి కూడబెట్టారు, కొడుకులు లేరు కాబట్టి కనెక్టికట్ నుంచి ఒక బంధువును వారసుడిగా రప్పించుకుంటున్నారు అని దాని సారం. ఆ బంధువు డేవిడ్ యేల్, థామస్ మనవడు.

ఈ ఒక్క వాక్యంలో నాకు కావలసినవన్నీ ఉన్నాయి. కొడుకులు లేరని ఎలిహు బతికుండగా, ఆయన్ను ఎరిగినవాడు రాశాడు. కనెక్టికట్ యేల్‌లు ఆయనకు "బంధువులు", సంతానం కాదు. పైగా వాళ్ళూ ఆయనా ఒకే కుటుంబమని రెండు పక్షాలకూ తెలుసు.

వారసత్వం మాత్రం కుర్రవాడికి దక్కలేదు. ఎలిహు 1721 జులై 8న లండన్‌లో చనిపోయినప్పుడు సంతకం లేని వీలునామా చిత్తుప్రతి ఒకటే ఉంది. అందులో భార్య పేరు దగ్గర "నా దుష్ట భార్యకు" అని రాసి, ఎంత ఇవ్వాలో ఖాళీ వదిలాడు. సంతకం లేకపోవడంతో ఆస్తి చట్టప్రకారం భార్యకూ కూతుళ్ళకూ పోయింది. కాలేజీకి ఇచ్చిన విరాళం మాత్రం అప్పటికే చేరిపోయింది. 1718లో తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, రాజు జార్జి చిత్రపటం వచ్చాయి. మూటల్లో కాలికో, మస్లిన్ కూడా ఉన్నాయి. సరుకు అమ్మితే 562 పౌండ్ల 12 షిల్లింగులు వచ్చింది. 1701లో పుట్టిన ఆ విద్యాసంస్థ ఆ డబ్బుకు ఆయన పేరు పెట్టుకుంది. అది ఉన్నది న్యూ హేవెన్‌లోనే, నాయనమ్మను వెలివేసిన ఊరిలో.

తేదీలు, రక్తం

ఇంట్లో ఉన్న వంశవృక్షంలో తేదీల తేడాలు చాలా కనిపించాయి. వాటిలో ఎక్కువ భాగం తప్పులు కావు, పాత క్యాలెండరు. 1752 దాకా ఇంగ్లీషువాళ్ళ సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే ఈటన్ మరణం పాత కాగితాల్లో 1657 జనవరి, మన లెక్కలో 1658 జనవరి. మద్రాసులో పసివాడు డేవిడ్ చావు కూడా అంతే. థామస్ యేల్ 1683 మార్చి 27న పోయాడు. నాలుగు రోజులు ముందు పోయి ఉంటే రిజిస్టరులో 1682 అని ఉండేది. దీనికి తోడు ప్యూరిటన్లు నెలల పేర్లు అన్యమతాలవని వాటికి అంకెలు వేసేవారు. మార్చి మొదటి నెల. కాబట్టి "2వ నెల 5" అంటే ఫిబ్రవరి కాదు, ఏప్రిల్. ఇది తెలియక ఎంతమంది పిల్లల్ని తల్లిదండ్రుల పెళ్ళికి ముందే పుట్టించారో.

క్లయింటు కొడుకు డీఎన్ఏ పరీక్షతో తేల్చేద్దామన్నాడు. ఈ కేసులో అది పనికిరాదు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము డేవిడ్‌కూ థామస్‌కూ ఒకటే, ఇద్దరూ సొంత అన్నదమ్ములు. మామూలు పరీక్షలు వాళ్ళిద్దరి సంతానాన్ని అంత వెనక నుంచి విడదీసి చూపడం కష్టం. ఇక మిగతా డీఎన్ఏ పది తరాలు దాటేసరికి ఒక పూర్వీకుడి నుంచి అసలేమీ రాకపోయే అవకాశమే ఎక్కువ. ఇక్కడ కాగితమే దిక్కు. ఆ డబ్బు ఆదా చేసుకోమన్నాను.

థామస్ దగ్గరికి

మిగిలింది నేరుగా సాగిన పని. థామస్ యేల్ వచ్చిన ఊరు వదల్లేదు. కెప్టెన్ నథానియేల్ టర్నర్ కూతురు మేరీని చేసుకున్నాడు. ఈ టర్నర్ 1646 జనవరిలో న్యూ హేవెన్ నుంచి బయల్దేరి మళ్ళీ కనిపించని పెద్ద ఓడలో ఉన్నాడు. తర్వాత ఆ ఓడ రేవు మీద గాల్లో తేలుతూ కనిపించి మాయమైందని ఊరంతా చెప్పుకున్నారు. మామగారి మరణానికి తేదీ అడిగితే ఇవ్వగలిగింది ఓడ కదిలిన రోజు వరకే.

థామస్ కొడుకు, చిన్న థామస్, 1670లో వాలింగ్‌ఫర్డ్ ఊరు పెట్టినవాళ్ళలో ఒకడు. క్లయింటు శాఖ ఇదే. వాలింగ్‌ఫర్డ్ నమోదులు కనెక్టికట్ స్టేట్ లైబ్రరీ బార్బర్ సేకరణలో 1850 వరకు ఊరివారీగా దొరుకుతాయి. తర్వాత జనాభా లెక్కలున్నాయి. ప్రతి తరానికీ తండ్రి పేరు చెప్పే కాగితం ఒక్కటైనా ఉండాలన్నది నా నియమం. అది ఈ శాఖలో ఎక్కడా తెగలేదు. బతికున్నవాళ్ళ సంగతులు కాబట్టి ఆ తరాలు ఇక్కడ రాయడం లేదు. మన ఇళ్ళ తలుపులకు యేల్ తాళం వేసుకుంటామే, ఆ తాళాన్ని తీర్చిదిద్దిన లైనస్ యేల్ కూడా ఈ థామస్ వంశమే. ఎలిహు వంశమని ఆయన గురించి కూడా ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు.

తాతల నాటి వంశవృక్షంలో పొరపాటు ఎక్కడ పడిందంటే, "థామస్, ఎలిహు బంధువు" అన్నది ఎవరో ఒకరి చేతిలో "థామస్, ఎలిహు కొడుకు" అయింది. వయసులు చూసుకుంటే అప్పుడే దొరికిపోయేది. చిన్న థామస్ ఎలిహు కన్నా ఏడాదో రెండేళ్ళో ముందే పుట్టాడు.

ఇంగ్లీషు లెక్కలో ఎలిహు క్లయింటుకు దూరపు కజిన్. మన వరసల్లో చూస్తే ఎలిహు చిన్న థామస్‌కు పెదనాన్న కొడుకు, అంటే అన్నదమ్ముల వరస. చిన్న థామస్ క్లయింటుకు ముత్తాతల ముత్తాత అయినప్పుడు ఎలిహు కూడా ఆ వరసలోనే పడతాడు. మా అమ్మమ్మ ఈ కేసు చూసి ఉంటే వాళ్ళ వంశవృక్షంలో తప్పేముంది అనేది. ఈ మాట చెబితే క్లయింటు నవ్వారు, రిపోర్టులో కూడా పెట్టమన్నారు. చివరి పేజీలో ఒక వాక్యంగా పెట్టాను.

ఆన్ సంగతి ముగిద్దాం. ఈటన్ పోయాక ఆవిడ అదే ఏడాది ఇంగ్లాండు తిరిగి వెళ్ళి, 1659లో లండన్‌లో చనిపోయింది. రిపోర్టు అందాక క్లయింటు రెండో పని అప్పగించారు. ఎలిహును వదిలేసి, ఆన్ పుట్టింటి వైపు చూడమన్నారు. ఆవిడ తండ్రి జార్జ్ లాయిడ్ 1605 నుంచి 1615లో చనిపోయేదాకా చెస్టర్ బిషప్. అంతకుముందు మాన్ దీవి బిషప్. అంటే చర్చి వెలివేసిన మనిషి ఒక బిషప్ కూతురు. చెస్టర్ వాటర్‌గేట్ వీధిలో బిషప్ లాయిడ్ ఇల్లు అని పిలిచే పాత కట్టెల ఇల్లుంది. దాని ముంగిట చెక్కడాల్లో మాన్ దీవి చిహ్నమైన మూడు కాళ్ళ గుర్తు కనిపిస్తుంది. అక్కడి వీలునామాలు, చర్చి కోర్టు కాగితాలతో ఆ పని మొదలైంది.